చంటిపిల్లల దగ్గర దొరికిన క్రిమి

తల్లి కడుపులోంచి బయటపడ్డ బిడ్డ పేగుల్లో క్రిముల సందడి ఇంకా మొదలై ఉండదు. నల్లగా, జిగటగా వచ్చే మొదటి మలంలో సూక్ష్మజీవులు దాదాపు కనబడవు. ఒకటి రెండు రోజులు గడిచేసరికి ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. వాటిలో ఏవి ముందు వస్తాయి, ఏవి వెనక వస్తాయి? ఈ చిన్న ప్రశ్న పట్టుకుని 1930లలో అమెరికాలోని డెన్వర్ నగరంలో, కొలరాడో విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో ఇవాన్ హాల్, ఎలిజబెత్ ఒటూల్ అనే ఇద్దరు పరిశోధన మొదలుపెట్టారు. పదిమంది శిశువులు పుట్టినప్పటి నుంచి తొలి పదిరోజుల పాటు వాళ్ల మలాన్ని తీసుకుని ఏం పెరుగుతుందో చూశారు. నలుగురి దగ్గర అంతవరకు ఎవరూ వర్ణించని ఒక బాక్టీరియా దొరికింది.

దాన్ని పెంచడం మాటలు కాదు. గాలి సోకితే బతకదు. పెరిగినా మెల్లగా పెరుగుతుంది. పక్కనున్న క్రిములు ఈలోగా పళ్లెమంతా ఆక్రమించేస్తాయి. ఆ ఇబ్బందినే పేరుగా పెట్టి దాన్ని ‘బాసిల్లస్ డిఫిసిలిస్’ అన్నారు. 1935లో ఆ వివరాలు పిల్లల వైద్యుల పత్రికలో అచ్చయ్యాయి. ఆ వ్యాసంలో ఇంకో సంగతి కూడా ఉంది. ఈ బాక్టీరియాను పెంచిన ద్రవాన్ని గినీ పందులకు, కుందేళ్లకు ఎక్కిస్తే అవి చచ్చిపోయాయి. అంటే ఇది గట్టి విషాన్నే తయారుచేస్తోంది. మరి ఆ నలుగురు పిల్లలో? హాయిగా పాలు తాగుతూ, నిద్రపోతూ ఉన్నారు. ఒక్కరికీ జబ్బు లేదు.

విషం ఉంది, రోగి లేడు. కాబట్టి ఎవరికీ దాంతో పనిలేకపోయింది. తర్వాతి నలభై ఏళ్లలో అడపాదడపా ఎవరో ఒకరు దాని ఊసెత్తారు. గాయాల్లో దొరికిందని ఒకరు రాశారు, మరికొందరు శిశువుల్లో కనబడిందని ఇంకొకరు రాశారు. అంతే, అంతకుమించి దాని గురించి ఆరా తీసిన వాళ్లు తక్కువ.

అదే సమయంలో, పూర్తిగా వేరే గదుల్లో, వైద్యులు ఒక జబ్బుతో తల పట్టుకుంటున్నారు. దాని తొలి వివరణ 1893 నాటిది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో జాన్ ఫినీ అనే సర్జన్ జీర్ణాశయపు పుండు ఉన్న 22 ఏళ్ల యువతికి ఆపరేషన్ చేశాడు. ఆమెను ఆయన దగ్గరకు పంపినవాడు ఆనాటి వైద్యరంగంలో మహామహుడు విలియం ఆస్లర్. కోత బాగానే కుదిరింది. తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి, రక్తం కూడా పడింది. పదిహేనో రోజున ఆమె చనిపోయింది. శవపరీక్షలో చూస్తే పేగు లోపలి గోడమీద డిఫ్తీరియాలో గొంతులో కట్టేలాంటి పొర కట్టి ఉంది. అది నిజమైన పొర కాదు. చచ్చిన కణాలు, తెల్లకణాలు, చీము లాంటి స్రావం కలిసి గడ్డకట్టిన పసుపుపచ్చ మచ్చలు. అందుకే వైద్యులు తర్వాత దాన్ని ‘సూడోమెంబ్రనస్ కొలైటిస్’ అన్నారు. మనం తెలుగులో బూటకపు పొర పేగువాపు అనుకోవచ్చు.

ఫినీ రోజుల్లో ఇది అరుదు. యాంటీబయాటిక్‌లే లేవు కదా. అవి వచ్చాకనే ఈ జబ్బు వార్డుల్లోకి దిగింది.

అవి రాగానే ఒక హెచ్చరిక కూడా వచ్చింది, కాకపోతే ఎవరికీ అర్థమయ్యే రూపంలో రాలేదు. 1940 మే 25న ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ బృందం ఎనిమిది ఎలుకల మీద పెన్సిలిన్ పరీక్షించింది. మందు పడ్డవి బతికాయి, పడనివి చచ్చాయి. కథ అక్కడి నుంచి మనకు తెలిసిందే. కానీ ఫ్లోరీ ఆరోజు ఎలుకలకు బదులు గినీ పందులను తీసుకుని ఉంటే? 1943లో అమెరికాలో పెన్సిలిన్‌ను గినీ పందులకు ఇచ్చి చూశారు. మందే వాటిని చంపింది. కోసి చూస్తే చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట ఉండే సంచి వాచిపోయి ఉంది. మానవజాతికి వరమైన మందు ఆ జంతువుకు ఎందుకు మృత్యువైంది? ఆ సుకుమారమైన జంతువు ఒంటికి ఈ మందు పడదు, అని సరిపెట్టుకున్నారు. ఫ్లోరీ అదృష్టవంతుడు. ఆయనకు దొరికినవి ఎలుకలు. లేకపోతే మందును విషమని పక్కన పడేసి ఉండేవాడేమో!

పెన్సిలిన్ వెంట మరికొన్ని మందులు బారులు తీరాయి. వాటిలో ఒకదానికి మనతో చుట్టరికం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధన విభాగానికి అధిపతిగా ఉండగా, అక్కడ పనిచేసే వృద్ధ వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. 1948లో అది లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే పెద్దబిడ్డ. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఈ మందు నోట్లో వేసుకుంటే చాలు, రకరకాల క్రిముల మీద పనిచేస్తుంది. అందుకే డాక్టర్లు ఇష్టంగా రాశారు. పేగు ఆపరేషన్లకు ముందు పేగు శుభ్రం కావాలని ముందుజాగ్రత్తగా కూడా ఇచ్చారు. అలాంటి రోగుల్లో కొందరికి నాలుగో రోజుకో, పదో రోజుకో ఆగని విరేచనాలు, పొట్ట ఉబ్బరం, జ్వరం. కొందరు పోయారు. కోసి చూస్తే ఫినీ చూసిన పొరే.

1950లలో దీనికి కారణం ఎవరు? నిందను స్టాఫిలోకాకస్ ఆరియస్ మీద వేశారు. పుండ్లకు, గడ్డలకు కారణమైన ఆ బంగారురంగు బాక్టీరియా అప్పటికే ఆసుపత్రుల్లో పెన్సిలిన్‌కు లొంగకుండా తిరుగుతోంది. రోగుల మలాన్ని పళ్లెంలో పెంచితే అది పుష్కలంగా కనిపించింది. ఇంకేం కావాలి? పాఠ్యపుస్తకాల్లో ‘స్టాఫ్ పేగువాపు’ అని అధ్యాయమే వచ్చింది.

ఆనాటి వైద్యులను తప్పుపట్టలేం గానీ, ఈ కథ మొత్తంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇదే. స్టాఫ్ గాలిలో పెరుగుతుంది, ఒక్కరాత్రిలో పెరుగుతుంది, ఏ ప్రయోగశాలలోనైనా పెరుగుతుంది. అసలు క్రిమి ఆ పళ్లెంలోనే ఉండి ఉండవచ్చు, కానీ గాలి తగిలి చచ్చింది. పెరిగిందే కనబడింది. కనబడిందే కారణమైంది. యాంటీబయాటిక్ వాడిన మనిషి పేగులో స్టాఫ్ ఉండడం నిజమే, అదీ మందుల వల్ల మిగతావి చచ్చి ఖాళీ అయిన చోట చేరిందే. అక్కడ ఉన్నంత మాత్రాన జబ్బు తెచ్చిందని కాదు. ఈ తేడా నిరూపించడానికి ఎవరూ ప్రయత్నించకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది: మందు పనిచేసింది.

ఆ మందు వాంకోమైసిన్. దాని పుట్టుకా తమాషాగానే ఉంటుంది. బోర్నియోలో ఉన్న ఒక మతప్రచారకుడు ఎలై లిల్లీ కంపెనీలో పనిచేసే రసాయనశాస్త్రవేత్త ఎడ్మండ్ కోర్న్‌ఫెల్డ్‌కు అడవిమట్టి పంపాడు. ఆ మట్టిలోని సూక్ష్మజీవి స్టాఫ్‌ను చంపే పదార్థాన్ని తయారుచేస్తోంది. మొదట్లో అది ఎంత మలినంగా ఉండేదంటే, గోధుమరంగు చూసి కంపెనీ వాళ్లే దాన్ని మిసిసిపీ బురద అని పిలిచేవారు. 1958లో అమెరికాలో అనుమతి వచ్చింది. మామూలుగా నరంలోకి ఎక్కించాలి, ఎందుకంటే నోటితో తీసుకుంటే పేగులోంచి రక్తంలోకి వెళ్లదు. పేగు జబ్బుకు మాత్రం ఆ లోపమే గుణమైంది. మింగితే మందంతా పేగులోనే ఉండి అక్కడి క్రిములమీద పడుతుంది. రోగులు కోలుకున్నారు. స్టాఫ్‌ను చంపే మందుతో జబ్బు తగ్గింది కాబట్టి జబ్బు తెచ్చింది స్టాఫే అని తీర్మానం. వాంకోమైసిన్ ఇంకా వేటిని చంపుతుందో అని అడగాల్సిన ప్రశ్న పదిహేనేళ్లు అలాగే ఉండిపోయింది. చెరోవైపు నుంచి చూస్తే తర్కమూ సరిగ్గానే ఉంది, చికిత్సా సరిగ్గానే ఉంది. నిజం మాత్రం చేతికి చిక్కలేదు.

1970లలో క్లిండమైసిన్ వచ్చింది. గాలి లేనిచోట పెరిగే బాక్టీరియా మీద అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పొట్టలో చీము, పళ్ల కింద చీము, ఊపిరితిత్తుల్లో చీము, అన్నిటికీ అదే. సెయింట్ లూయిస్‌లోని బార్న్స్ ఆసుపత్రిలో ఫ్రాన్సిస్ టెడెస్కో ఆ మందు తీసుకుంటున్న 200 మందిని వరసగా గమనించాడు. విరేచనాలు అయిన ప్రతి ఒక్కరికీ గొట్టం పెట్టి పేగు లోపల చూశాడు. అంతకుముందు ఈ పొర ఎక్కువగా శవపరీక్షలోనే తేలేది. 1974లో లెక్క బయటపెట్టాడు: 21 శాతం మందికి విరేచనాలు, 10 శాతం మందికి బూటకపు పొర. అరుదు అనుకున్న జబ్బు ప్రతి పదిమందిలో ఒకరికి! పైగా వాళ్ల మలంలో స్టాఫ్ కోసం వెతికితే అది లేదు.

అమెరికా డాక్టర్లలో కలవరం పుట్టింది. దాన్ని ‘క్లిండమైసిన్ పేగువాపు’ అని పిలవడం మొదలుపెట్టారు. మందే విషమా? మందు పేగు గోడను కాలుస్తోందా? మన ఇళ్లలో యాంటీబయాటిక్ వేసుకున్నాక మోషన్స్ అయితే ‘మందుల వేడి’ అంటాం, మజ్జిగ అన్నం పెడతాం. అప్పటి నిపుణుల అనుమానమూ ఆ దరిదాపుల్లోనే ఉంది. ఇంకొందరు వైరస్‌ను అనుమానించారు. అదే 1974లో రాబర్ట్ గ్రీన్ అనే పరిశోధకుడు పెన్సిలిన్ ఇచ్చిన గినీ పందుల పేగు ద్రవాన్ని ప్రయోగశాలలో పెంచిన కణాలమీద వేసి చూశాడు. చదునుగా పరుచుకుని ఉండాల్సిన కణాలు ముడుచుకుని గుండ్రంగా అయిపోయాయి. నిద్రాణంగా ఉన్న వైరస్‌ను మందు లేపిందని ఆయన రాశాడు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అసలు విషాన్ని మొట్టమొదట కంటితో చూసినవాడు ఆయనే అయి ఉండాలి.

ఇంగ్లండ్‌లోనూ వైరస్ వేటే నడుస్తోంది. లండన్ దగ్గర హారోలోని నార్త్‌విక్ పార్క్ పరిశోధనా కేంద్రంలో లార్సన్ బృందం పొర కట్టిన రోగుల మలాన్ని సన్నని వడపోతగుండా పంపి, ఆ ద్రవాన్ని కణాలమీద వేసింది. ఆ బృందంలో జలుబు వైరస్‌ల మీద జీవితమంతా పనిచేసిన డేవిడ్ టిరెల్ కూడా ఉన్నాడు. కణాలు గుండ్రమయ్యాయి. వైరస్ అయితే ఒక పాత్రలోంచి కొంచెం తీసి ఇంకో పాత్రలో వేస్తే అక్కడా పెరగాలి, ఆపైన మూడో పాత్రలోనూ పెరగాలి. ఇక్కడ అలా జరగలేదు. పలుచన అయ్యేకొద్దీ ప్రభావం తగ్గిపోయింది. పెరిగేది కాదు, కాబట్టి జీవి కాదు, విషం. 1977లో వాళ్లు ఇంతవరకు ఎవరూ వర్ణించని విషమంటూ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు.

బోస్టన్‌లో జాన్ బార్ట్‌లెట్ ఇంకో దారి పట్టాడు. గాలి లేనిచోట బతికే బాక్టీరియాయే ఆయన విద్య. ప్రయోగానికి హ్యామ్‌స్టర్లను తీసుకున్నాడు. క్లిండమైసిన్ ఇస్తే అవి గినీ పందుల్లాగే చచ్చిపోయేవి, అదే సంచి వాచిపోయి. ముందు వాటికి వాంకోమైసిన్ కూడా ఇచ్చాడు. ఇస్తున్నన్నాళ్లు బతికాయి. ఆపిన కొద్దిరోజులకు చచ్చాయి. మందే విషమైతే వాంకోమైసిన్ ఎలా కాపాడుతుంది? వైరస్ అయితే బాక్టీరియాను చంపే మందుకు ఎలా ఆగుతుంది? ఈ రెండు ప్రశ్నలు కలిసి వేలిని ఒకేవైపు చూపాయి.

తర్వాత చచ్చిన హ్యామ్‌స్టర్ పేగు ద్రవాన్ని ఆరోగ్యంగా ఉన్న హ్యామ్‌స్టర్‌కు ఎక్కించారు. అది కూడా అదే జబ్బుతో చచ్చింది. పేగు ద్రవంలోని బాక్టీరియాను గాలి లేని పెట్టెల్లో ఒక్కొక్కటిగా వేరుచేసి పెంచారు. వాటిలో ఒక క్లాస్ట్రీడియం రకం మాత్రమే జబ్బును తిరిగి తేగలిగింది. బాక్టీరియాను తీసేసి, అది పెరిగిన ద్రవాన్ని ఒక్కదాన్నే ఇచ్చినా చాలింది. ఇంతకీ ఇది ఏ క్లాస్ట్రీడియం?

ఇక్కడ ఇంకో పక్కదారి. క్లాస్ట్రీడియం కుటుంబంలో ధనుర్వాతం తెచ్చేది ఉంది, యుద్ధంలో గాయాలను కుళ్లబెట్టేవి ఉన్నాయి. గాయాలు కుళ్లడానికి విరుగుడుగా తయారుచేసిన మందులు ప్రయోగశాలల్లో అందుబాటులో ఉన్నాయి. మిషిగన్‌లో రిఫ్కిన్, ఫెకెటీ బృందమూ, హారోలో లార్సన్, ప్రైస్ ఇద్దరూ 1977లోనే అలాంటి విరుగుళ్లను మలంలోని విషంమీద ప్రయోగించి చూశారు. క్లాస్ట్రీడియం సార్డెలీకి చేసిన విరుగుడు ఈ విషాన్ని ఆపింది. అయితే నేరం సార్డెలీదే అన్నమాట! వెతికారు, రోగుల మలంలో సార్డెలీ దొరకదు. మళ్లీ వెతికారు, అయినా దొరకలేదు. విరుగుడు పనిచేస్తోంది, క్రిమి లేదు.

1978లో చిక్కు వీడింది. దొరికిన క్రిమి క్లాస్ట్రీడియం డిఫిసైల్, అంటే డెన్వర్ పసిపిల్లల దగ్గర హాల్, ఒటూల్ పట్టుకున్న అదే బాసిల్లస్ డిఫిసిలిస్. ఈ రెండు జాతుల విషాలకు ఎంత పోలిక ఉందంటే, ఒకదాని విరుగుడు రెండోదాన్నీ ఆపేస్తుంది. బార్ట్‌లెట్ బోస్టన్ నుంచి, లార్సన్ హారో నుంచి, జార్జ్ అనే మరో శాస్త్రవేత్త ఇంగ్లండ్‌లోనే బర్మింగ్‌హామ్ నుంచి కొద్ది నెలల తేడాలో అదే ఫలితం ప్రకటించారు. అప్పటికే ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఇదే బాక్టీరియా మీద హాఫిజ్ రాసిన సిద్ధాంత వ్యాసం ఒకటి ఉంది. ఈ క్రిమి గుర్రాల పేడలో, ఒంటెల పేడలో, మట్టిలో, ఇసుకలో దొరుకుతుందని అందులో ఉంది. ఆసుపత్రి విరేచనాలతో దానికి సంబంధం ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. దాన్ని పెంచి గుర్తుపట్టే విద్య మాత్రం అలా సమయానికి సిద్ధమై ఉంది. ఏడాది తిరిగేసరికి దీనికోసమే ఒక ప్రత్యేక ఆహారపళ్లెం వచ్చింది. అందులో రెండు యాంటీబయాటిక్‌లు కలిపి, మిగతా క్రిములు పెరగకుండా ఆపుతారు.

బార్ట్‌లెట్ 1980లో జాన్స్ హాప్‌కిన్స్‌కు మారి, అక్కడి అంటువ్యాధుల విభాగాన్ని పాతికేళ్లకు పైగా నడిపాడు. ఫినీ యువతి చనిపోయిన ఆసుపత్రి అదే.

పెద్దవాళ్లను పడేసే ఈ విషం పసిపిల్లల్ని ఎందుకు వదిలేస్తుంది? ఆ విషాలు పట్టుకోవడానికి కావలసిన గ్రాహకాలు శిశువుల పేగు కణాలమీద ఇంకా ఏర్పడి ఉండవన్నది ఎక్కువమంది చెప్పే జవాబు. మరి యాంటీబయాటిక్ ఎందుకు అవసరమవుతుంది? పైరు నిండుగా ఉన్న మడిలో కలుపు తల ఎత్తదు కదా, ఆరోగ్యమైన పెద్దపేగూ అలాంటిదే. లోపల రసాయనం ఇంకొంచెం ఆసక్తికరం. కాలేయం విడుదల చేసే పైత్యలవణాలు ఈ బాక్టీరియా స్పోర్లు, అంటే గాలి సోకినా చావకుండా గట్టి పెంకులో నిద్రాణంగా ఉండే రూపాలు, మొలకెత్తడానికి పిలుపునిస్తాయి. మామూలుగా పెద్దపేగులోని నివాసి క్రిములు ఆ లవణాలను మార్చేసి, దాని ఎదుగుదలను అడ్డుకునే రూపంలోకి తెస్తాయి. యాంటీబయాటిక్ ఆ నివాసులను చంపితే పిలుపు మిగులుతుంది, అడ్డు పోతుంది. మొలకెత్తిన బాక్టీరియా రెండు పెద్ద విషాలు వదులుతుంది. అవి పేగు కణాల్లోకి దూరి, కణానికి ఆకారం ఇచ్చే లోపలి కట్టడాన్ని కూల్చే పని చేస్తాయి. గ్రీన్, లార్సన్ చూసిన గుండ్రటి కణాలు ఆ కట్టడం కూలడంవల్ల ఏర్పడ్డవే.

కారణం తెలిసింది. మరి ఒక రోగినుంచి ఇంకో రోగికి ఎలా వెళ్తోంది? 1989లో సియాటిల్‌లోని ఒక ఆసుపత్రి వార్డులో లిన్ మెక్‌ఫార్లండ్ బృందం దీన్ని ఓపిగ్గా లెక్కగట్టింది. చేరేటప్పుడు క్రిమి లేని 399 మంది రోగుల్లో 83 మందికి అక్కడ ఉండగానే అది అంటుకుంది. వాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి విరేచనాలే లేవు. క్రిమి ఉన్న రోగులను చూసుకున్న సిబ్బంది చేతులు పరీక్షిస్తే 59 శాతం మంది చేతులమీద అది ఉంది. మంచపు కమ్ములు, కాల్‌బెల్, బెడ్‌పాన్, నేల, అన్నిచోట్లా దాని స్పోర్లు. అవి ఎండిపోయినా చావవు, నెలల తరబడి ఉంటాయి. పైగా సారాయితో చేసిన శానిటైజర్‌కు చలించవు. కోవిడ్ తర్వాత మన ఆసుపత్రుల గుమ్మాల్లో ఉండే ఆ పంపుసీసా ఎంత నొక్కినా ఈ స్పోర్లకు ఏమీ కాదు. సబ్బుతో చేతులు రుద్ది నీళ్లతో కడగాలి, చేతి తొడుగులు వాడాలి, నేలకు బ్లీచింగ్ ద్రావణం కావాలి.

ఆసుపత్రిలో పడుకున్నవాళ్లకు పట్టుకునే విరేచనాలన్నీ దీనివల్లే అనుకుంటే పొరపాటు. చాలావాటికి క్రిమితో సంబంధమే ఉండదు: గొట్టం ద్వారా పోసే ఆహారం, సుఖవిరేచనం కోసం ఇచ్చిన మందు, గుండె మందు. పిల్లల వార్డుల్లో రోటావైరస్ ఉంటుంది. నోరోవైరస్ ఒక్క రోజులో వార్డంతా చుట్టేస్తుంది. ఒహాయో రాష్ట్రంలోని నార్వాక్ బడిలో 1968లో చెలరేగిన వాంతుల జబ్బు రోగుల మలంలో 1972లో ఆల్బర్ట్ కాపికియన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో దాన్ని చూశాడు. బయట తెలిసిన సాల్మొనెల్లా, షిగెల్లా లాంటివి మూడురోజులు ఆసుపత్రిలో ఉన్న రోగిలో కొత్తగా తగలడం చాలా తక్కువ. అందుకే అలాంటివారికి వాటి కల్చర్ చేయించడం వృథా అని 1990లలోనే ప్రయోగశాలలు చెప్పడం మొదలుపెట్టాయి. యాంటీబయాటిక్ తర్వాత రక్తవిరేచనాలు అయిన కొందరిలో క్లెబ్సియెల్లా ఆక్సిటోకా అనే ఇంకో బాక్టీరియా కారణమని ఆస్ట్రియాలోని గ్రాజ్ వైద్యులు 2006లో నిరూపించారు. స్టాఫ్ కూడా అప్పుడప్పుడు నిజంగానే చేస్తుందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. పాత నేరారోపణ మొత్తంగా కొట్టివేయబడలేదు.

చాలాకాలం దీన్ని ఇబ్బందిపెట్టే జబ్బుగానే చూశారు తప్ప భయపడలేదు. 2003 నాటికి కెనడాలోని క్యుబెక్‌లో ఆ ధీమా పోయింది. షెర్‌బ్రూక్‌లో జాక్ పెపాన్ లెక్కల ప్రకారం 1991లో లక్షమందికి 35.6 కేసులుండేవి, 2003లో 156.3. అంతకుముందు వందమందిలో ఐదుగురు చనిపోతుంటే, అప్పటికి పద్నాలుగు దగ్గరకు వచ్చింది. 65 దాటినవాళ్ల మీద దెబ్బ మరీ పెద్దది. 027 అని అంకెతో పిలిచే ఒక రకం అక్కడ తిష్ఠవేసింది. ప్రయోగశాలలో అది మామూలు రకాలకన్నా 16 నుంచి 23 రెట్లు ఎక్కువ విషం తయారుచేసింది. సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబపు మందులకు లొంగదు, ఆ మందులు అప్పుడు ఇష్టారాజ్యంగా వాడుతున్నారు. ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 2003 నుంచి 2005 మధ్య కనీసం 33 మంది దీనివల్ల చనిపోయారని ప్రభుత్వ తనిఖీ సంస్థ తేల్చింది. ఆ నివేదిక చదివితే క్రిమికన్నా నిర్వాహకుల ప్రాధాన్యాలే ఎక్కువ బాధపెడతాయి. రోగులను వేరుగా ఉంచమని అంటువ్యాధుల నిపుణులు చెప్పినా వినలేదు, గడువులు, లక్ష్యాలు ముందు నిలిచాయి.

తర్వాత బ్రిటన్‌లో కేసులు సుమారు 80 శాతం తగ్గాయి. వార్డులు కడిగారు, చేతులు కడిగించారు, ఆ ఘనత అంతా శుభ్రతదే అని చాలామంది అనుకున్నారు. 2017లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు క్రిముల జన్యువులు చదివి, తగ్గినవి ముఖ్యంగా సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబానికి లొంగని రకాలేనని చూపించారు. వార్డు కడగడమే కారణమైతే అన్ని రకాలూ ఒకేలా తగ్గాలి కదా. ఆ మందుల వాడకం తగ్గించడంవల్లే అసలు పని జరిగింది. అంతకుముందు, 2013లో, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోనే ఇంకో సంగతి బయటపడింది. సుమారు 1,250 కేసుల క్రిములను పూర్తిగా చదివితే, పాత కేసుతో సరిపోలినవి మూడింట ఒకటి మాత్రమే. దాదాపు సగం ఏ పాత కేసుకూ చుట్టం కానివి. అవన్నీ వార్డులో పక్క మంచంనుంచి రాలేదు. జబ్బులేకుండా మోస్తున్న మనుషుల నుంచో, మట్టి నుంచో, పశువుల నుంచో వచ్చి ఉండాలి.

చికిత్సలోనూ పాత పొరపాటు ఒకటి మేలు చేసింది. వాంకోమైసిన్‌తో తగ్గినవారిలో సుమారు ఐదోవంతు మందికి జబ్బు తిరగబెడుతుంది. హ్యామ్‌స్టర్లు ముందే ఆ సంగతి చెప్పాయి. 1958లో డెన్వర్ సర్జన్ బెన్ ఐజ్‌మన్ నలుగురు రోగులకు ఆరోగ్యవంతుల మలాన్ని ఎనిమాగా ఎక్కించాడు. స్టాఫ్‌ను మంచి క్రిములతో తరమాలన్నది ఆయన ఆలోచన. నలుగురూ కోలుకున్నారు. సరిగ్గా యాభై అయిదేళ్ల తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎల్స్ వాన్ నూడ్ బృందం పద్ధతిగా పరీక్షించింది. మళ్లీ మళ్లీ తిరగబెట్టిన రోగుల్లో వాంకోమైసిన్ ఇచ్చిన 13 మందిలో నలుగురు కోలుకుంటే, దాత మలం ద్రావణాన్ని ముక్కుగుండా గొట్టంతో చిన్నపేగులోకి పంపిన 16 మందిలో మొదటిసారికే 13 మంది కోలుకున్నారు. తేడా చూసి ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఇక వేరే చికిత్స ఇవ్వడం న్యాయం కాదని అనిపించింది.

2023లో అమెరికా మందుల సంస్థ దాతల మలంలోని బాక్టీరియా స్పోర్లను శుద్ధిచేసి గొట్టపు మాత్రల్లో పోసిన మందుకు అనుమతి ఇచ్చింది. తిరగబెట్టకుండా ఉండేందుకు రోజుకు నాలుగు మాత్రల చొప్పున మూడురోజులు మింగాలి.